‘బ్రింగ్ అప్’ అర్థం కాక వాంతి సంగతి రాయలేదు... ఇప్పుడు వార్డులో అడుగు పెట్టాలంటే భయం

ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ వైపు ఒక ఊళ్ళో పనిచేస్తున్న తెలుగు నర్సు రాసిన ఉత్తరం ఇది. పేరూ వివరాలూ వద్దన్నారు. నాలుగు పేజీలు రాశారు కాబట్టి క్లుప్తంగా ఇస్తున్నాను.

ఆమెకు 31 ఏళ్ళు. సొంతూరు ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం. బీఎస్సీ నర్సింగ్ చేసి హైదరాబాద్‌లో ఆరేళ్ళు పనిచేశారు. ఆరోగ్య రంగంలో పనిచేసేవాళ్ళకి పెట్టే ఇంగ్లీష్ పరీక్ష ఓఈటీ రెండోసారి గట్టెక్కి, ఏడాది కిందట భర్తతో, ఆరేళ్ళ పాపతో అక్కడికి వెళ్ళారు. వేసింది సర్జికల్ వార్డులో.

ఒక సాయంత్రం ఆరు దాటాక, పొట్ట ఆపరేషన్ అయి మూడో రోజు నడుస్తున్న ఒక పెద్దాయనకి బీపీ చూడటానికి వెళ్ళారు. ఆయన నవ్వుతూ ‘ఐయామ్ సారీ లవ్, ఐ బ్రాట్ మి టీ అప్’ అన్నారు. ఎవరో టీ పైకి తెచ్చిచ్చారని చెబుతున్నారనుకుని, ఈమె ‘వెరీ గుడ్’ అని నవ్వి, చార్టులో ‘భోజనం మొత్తం తిన్నారు’ అని రాశారు. ఆయన చెప్పింది వేరు. సాయంత్రం తిన్నదంతా వాంతి అయిపోయిందని. వాంతి పట్టిన అట్ట గిన్నెను హెల్త్‌కేర్ అసిస్టెంట్ అప్పటికే తీసేసింది. నర్సుకి పేషెంటే చెప్పి ఉంటారనుకుని తనూ చెప్పలేదు. రాత్రి ఆయనకి మళ్ళీ రెండుసార్లు వాంతులయ్యాయి. పేగులు కదలడం లేదని తేలి, ముక్కులోంచి గొట్టం వేయాల్సి వచ్చింది. తర్వాత కోలుకుని ఇంటికి వెళ్ళారు.

మర్నాడు వార్డు మేనేజర్ పిలిచి మాట్లాడారు. కోప్పడలేదట. చివర్లో మాత్రం ‘అర్థం కానిది ఏదున్నా, బ్రింగ్ ఇట్ అప్ ఎట్ హ్యాండోవర్’ అన్నారట. హ్యాండోవర్ అంటే డ్యూటీ మారేటప్పుడు పేషెంట్ల సంగతులు తర్వాతి నర్సులకి అప్పజెప్పడం. ‘మేడమ్, ఆ మాట వినగానే నా ఒళ్ళు చల్లబడింది. నిన్న వాంతి అయినది ఇవాళ ఇంకేదో అయింది. అదే రోజు డాక్టర్ గారు కంప్యూటర్ చూపించి, బ్రింగ్ అప్ హిజ్ ఎక్స్‌రే అన్నారు. సాయంత్రం పాపని స్కూల్ నుంచి తెస్తుంటే పక్కింటి ఆవిడ, యూ హావ్ బ్రాట్ హర్ అప్ బ్యూటిఫుల్లీ అంది. నేను జవాబు చెప్పకుండా లోపలికి వచ్చేశాను’ అని రాశారు.

ఇంకో రెండు సంగతులు ఇంతవరకు ఆసుపత్రిలో ఎవరికీ చెప్పలేదట. ఒక పేషెంట్ టాయిలెట్‌లో ‘ఐ నియర్లీ పాస్డ్ అవుట్’ అంటే మోషన్ గురించి అనుకుని తలూపారు. ఆవిడ చెప్పింది కళ్ళు తిరిగి పడిపోబోయానని. ఇంకోసారి ఒక పేషెంట్ భార్య ఫోన్ చేసి ‘హ్యాజ్ హీ కమ్ రౌండ్?’ అని అడిగితే, ఎవరైనా చూడటానికి వచ్చారా అని అడుగుతోందనుకుని ‘నో, నో’ అన్నారు. ఆమె అడిగింది భర్తకి మత్తు వదిలి స్పృహ వచ్చిందా అని. కాసేపటికి ఆ భార్య పరుగున వచ్చేసరికి ఆయన కూర్చుని టీ తాగుతున్నారు. ఆవిడ ఎందుకు అంత కంగారుపడిందో ఈ నర్సుకి రెండు నెలల తర్వాత గానీ తెలియలేదు.

‘డ్యూటీ ముందు రాత్రి నిద్ర ఉండదు. ఈ రెండూ చెబితే పిన్ (ఇక్కడ నర్సుగా పనిచేయడానికి ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు) పోతుంది, నోరు మూసుకుని పని చేసుకో అంటారు మా ఆయన. నాకేమో అన్నీ మానేసి ఇంటికి వచ్చేయాలని ఉంది. లేదంటే పేషెంట్లు మాట్లాడని చోటికి, ఆపరేషన్ థియేటర్‌కి మారాలని ఉంది. నేను ఈ పనికి పనికిరానా?’ ఇదీ ఆమె ప్రశ్న.

అమ్మా, ముందు నా వైపు సంగతి చెప్పుకోవాలి. నేను తొమ్మిదేళ్ళు నర్సింగ్ విద్యార్థులకి ఇంగ్లీష్ పాఠాలు చెప్పాను. ‘బ్రింగ్ అప్’ అంటే ‘పెంచు’ అని ఒకే ఒక్క అర్థం నోట్స్‌లో రాయించాను. కిందే ఒక వాక్యం, తల్లి పిల్లల్ని పెంచింది అని. పరీక్షలో అదే వచ్చేది, అందరికీ మార్కులు పడేవి. మీ ఉత్తరం చదివాక ఆ నోట్స్ పట్టుకుని ఎంతమంది పిల్లలు ఎక్కడెక్కడి వార్డుల్లో నిలబడ్డారో అనిపించింది. కాబట్టి మీకు రాని ఇంగ్లీష్‌లో మాలాంటి వాళ్ళం నేర్పనిది చాలా ఉందని తెలిసే ఈ జవాబు రాస్తున్నాను.

మీ ఉత్తరంలో రెండు విషయాలు కలిసిపోయాయి. ఒకటి, మాట అర్థం కాకపోవడం. రెండోది, అర్థం కాకపోయినా తలూపడం. మొదటిది మీ తప్పు కాదు. రెండోది మాత్రం తప్పే, ఓదార్పు కోసం దాన్ని చిన్నది చేసి చెప్పలేను. ఆ పెద్దాయనకి ఆరు గంటలప్పుడే డాక్టర్‌ని పిలవాల్సింది, రాత్రి దాకా ఆలస్యమైంది. అది మీకూ తెలుసు, అందుకే నిద్ర పట్టడం లేదు. ఈ రెండూ ముడిపడిపోయి ‘నేను పనికిరాను’ అనే ఒక్క మాటగా మారాయి. విడదీసి చూస్తే ఒకటి నేర్చుకోవాల్సింది, రెండోది మానుకోవాల్సింది. మానుకోవడం రేపటి డ్యూటీ నుంచే మీ చేతిలో ఉంది.

మాట సంగతికొస్తాను. మీకు ‘వామిట్’ అనే మాట వచ్చు, ‘ఎమెసిస్’ కూడా వచ్చు. ఆయన ఆ రెండూ వాడలేదు. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచాక అక్కడి కోర్టుల్లోకీ చదువుల్లోకీ ఫ్రెంచి, లాటిన్ మాటలు వచ్చి చేరాయి. వంటింట్లో, పొలంలో, జబ్బు మంచం మీద ఎక్కువగా పాత ఇంగ్లీష్ మాటలే మిగిలాయి. ‘వామిట్’ లాటిన్ నుంచి వచ్చింది. ‘బ్రింగ్’, ‘అప్’ రెండూ అక్కడి పాత మాటలు. మనకీ ఇలాగే లేదూ? కేస్ షీట్‌లో రాసే ‘వాంతి’ సంస్కృతం. మంచం మీద ముసలాయన చెప్పేది ‘కక్కుకున్నానమ్మా’, ‘డోకు వచ్చింది’, ‘తిన్నది నిలవట్లేదు’. పుస్తకాల్లో మనం నేర్చుకునేది కేస్ షీట్ భాష. రోగి మాట్లాడేది మంచం మీది భాష. ఓఈటీ మీరు నిజాయితీగా పాసయ్యారు. కానీ ఆ పరీక్షలో వినిపించేది రికార్డు చేసిన స్పష్టమైన గొంతు. పళ్ళసెట్టు తీసేసి, నొప్పితో, యార్క్‌షైర్ యాసలో మాట్లాడే ఎనభై ఏళ్ళ మనిషి గొంతు అందులో ఉండదు.

పైగా ఆ వాక్యంలో ఉచ్చు ఒకటి కాదు, రెండు. ఇంగ్లండ్ ఉత్తరాన చాలామందికి ‘టీ’ అంటే సాయంత్రం భోజనం. ‘బ్రాట్ అప్’ తెలిసినా ‘టీ’ అంటే కప్పులో టీ అనుకుంటే, తాగిన టీ కాస్త బయటికొచ్చిందని వదిలేసేవారు. ఇంకోటి కూడా చెబుతాను, ఇది మీకు పనికొస్తుంది. అక్కడ ‘ఐ హావ్ బీన్ సిక్’ అంటే ఎక్కువగా ఒంట్లో బాగాలేదని కాదు, వాంతి అయిందని. ‘ఐ ఫీల్ సిక్’ అంటే వికారంగా ఉందని. మనం ‘సిక్ లీవ్’ అర్థంలో వింటాం, ఎంత ప్రమాదమో చూడండి.

ఇక ‘బ్రింగ్ అప్’. రెండు రోజుల్లో మీ చెవిన పడిన నాలుగు అర్థాలూ నాలుగు వేర్వేరు రాళ్ళలా మీద పడ్డట్టు రాశారు. వాటిని తెలుగులో పక్కపక్కన పెట్టి చూడండి. ‘భర్త పోయినా పిల్లల్ని పైకి తెచ్చుకుంది’ అంటాం. ‘మీటింగ్‌లో ఆ ప్రస్తావన తెచ్చాడు’, ‘ప్రశ్న లేవనెత్తాడు’ అంటాం. ఎక్స్‌రే అయితే తెర మీదికి తెప్పించడం. కడుపులోది పైకి రావడం నాలుగోది. కింద ఉన్నదో, లోపల ఉన్నదో పైకి, కంటి ముందుకి రావడమే అన్నిట్లోనూ ఉంది. ఇలాంటి జంట మాటలన్నిటికీ ఈ లెక్క కుదరదు. ‘గివ్ అప్’ దగ్గర ఏదీ పైకి రాదు. కానీ ఈ ఒక్క మాట విషయంలో ఈ బొమ్మ మనసులో పెట్టుకుంటే, తర్వాత చూడాల్సింది ఒక్కటే, ఏం పైకి వచ్చింది అని. తిండో కఫమో అయితే ఒంటి సంగతి. పిల్లలైతే పెంపకం. విషయమైతే ప్రస్తావన. ఫైలు, రిపోర్టు, ఎక్స్‌రే అయితే కంప్యూటర్. అన్నట్టు, వస్తువు పేరు ఆ రెండు ముక్కల మధ్యలోనూ రావచ్చు, చివరనా రావచ్చు. ‘ఇట్’ లాంటి సర్వనామమైతే మధ్యలోనే వస్తుంది. అందుకే ‘అప్’ అనేది వాక్యం చివర ఎక్కడో వినిపిస్తుంది. ‘బ్రాట్’ వినగానే చెవి మూసుకోకూడదు, ఆ ‘అప్’ కోసం ఆగాలి.

ఇప్పుడు అసలు సంగతి. మీరు అనుకుంటున్నట్టు కాదు, ఆ దేశంలో పుట్టిన నర్సుకైనా ఈ మాట ఒక్కసారికే పూర్తిగా అర్థం కాదు. ‘బ్రింగింగ్ అప్ బ్లడ్’ అని పేషెంట్ అంటే, ఆ రక్తం కడుపులోంచి వాంతిలో వచ్చిందా, ఊపిరితిత్తుల్లోంచి దగ్గుతో వచ్చిందా? ఆ మాటలో అది లేదు. కఫం తెమడడానికీ ‘బ్రింగ్ అప్’ అనే అంటారు, చంటిపిల్లల త్రేన్పుకీ అదే అంటారు. కాఫీ పొడి రంగులో ఉందా, నురగతో ఎర్రగా ఉందా, దగ్గుతో వచ్చిందా, ఎంత, ఎప్పటినుంచి... ఇవన్నీ ఎవరైనా అడిగి తెలుసుకోవాల్సిందే. అంటే ఆ మంచం దగ్గర మీరు ‘సారీ, డు యూ మీన్ యూ వామిటెడ్? హౌ మచ్?’ అని అడిగి ఉంటే, అది ఇంగ్లీష్ రానివాళ్ళు అడిగే ప్రశ్న అయ్యేది కాదు. మంచి నర్సు అడిగే ప్రశ్న అయ్యేది.

మీరు హైదరాబాద్‌లో పనిచేసినప్పుడు తోటి నర్సుల్లో మలయాళీలు చాలామంది ఉండేవారని రాశారు. మన పేషెంట్లు వాళ్ళతో ఎలా మాట్లాడేవారో గుర్తుందా? నిద్ర పట్టలేదు, కాలు పట్టేసింది, చెమటలు పట్టాయి, కాళ్ళకి నీరు పట్టింది, విరేచనాలు పట్టుకున్నాయి, పాపకి పాలు పట్టాలి, తిన్నది ఒంటికి పట్టట్లేదు. ఒక్క ‘పట్టు’తో ఎన్ని జబ్బులు! ఇక ‘నెల తప్పింది’, ‘అమ్మవారు పోసింది’ సంగతి చెప్పక్కర్లేదు. వాళ్ళలో ఎవరో ఒకరు మీ దగ్గరికి వచ్చి ‘నీరు పట్టింది అంటే ఏంటి సిస్టర్?’ అని అడిగే ఉంటారు. అప్పుడు మీరు ఆమె నర్సుగా పనికిరాదు అనుకున్నారా? చెప్పి పంపించి ఉంటారు, అంతే.

మీ ముందున్న దారులు ఒక్కొక్కటే చూద్దాం.

మీ భర్త చెప్పినట్టు నోరు మూసుకుని పని చేసుకోవడం ఒకటి. ఆయనది చెడ్డ ఉద్దేశం కాదు, అప్పులూ వీసా కళ్ళ ముందు కనబడుతుంటే ఎవరైనా అలాగే అంటారు. దీనివల్ల ఈ నెల గడుస్తుంది. కానీ దాచిన మాట ఉన్నంతకాలం మీరు మేనేజర్‌ని చూసి తప్పుకుంటారు. తప్పుకునే మనిషి అర్థం కానిది అడగదు. అడగకపోతే మళ్ళీ తలూపుతారు. ఇంకోటి, నిజాయితీగా ఒప్పుకున్న పొరపాటుకంటే దాచిపెట్టిన పొరపాటునే అక్కడి నర్సింగ్ కౌన్సిల్ పెద్దదిగా చూస్తుంది. జరిగింది దాచకూడదని వాళ్ళ నియమావళిలోనే ఉంది. పిన్‌కి ఎక్కువ ముప్పు మౌనం వల్లే.

వెళ్ళి చెప్పేయడం రెండో దారి. అప్పుడేమవుతుందో దాచకుండా చెబుతాను. మీ మీద కొన్ని వారాలు పర్యవేక్షణ పెట్టవచ్చు. మీకంటే చిన్నవాళ్ళు మీ చార్టులు చూడవచ్చు. ఆరేళ్ళ అనుభవం ఉన్న మీకు అది అవమానంగా అనిపిస్తుంది, కొన్నాళ్ళు ఏడుపు వస్తుంది కూడా. లాభమేమిటంటే విదేశీ నర్సులకి తోడు నిలవడానికి అక్కడి ఆసుపత్రుల్లో ప్రాక్టీస్ ఎడ్యుకేటర్లు, అంటే వార్డులోనే పని నేర్పేవాళ్ళు, ఉంటారు, అడిగితే మీకు ఒకరిని చూపిస్తారు. మేనేజర్ దగ్గర నేరుగా నోరు పెగలకపోతే మొదట వాళ్ళ దగ్గరే మొదలుపెట్టండి. ఒక కాగితం మీద మూడు సంఘటనలూ తేదీలతో, మీరు ఏం విన్నారు, అసలు ఏం చెప్పారు, ఏం రాశారు అని రాసుకుని తీసుకెళ్ళండి. కళ్ళు తిరిగిన ఆవిడ సంగతి తప్పకుండా అందులో ఉండాలి. ఆమెకి పడుకున్నప్పుడూ నిలబడ్డప్పుడూ బీపీ చూసి ఉండాల్సింది. ఆమె డిశ్చార్జ్ అయి ఎంతకాలమైనా సరే, ఆ తర్వాత ఏం చేయాలో తేల్చాల్సింది వాళ్ళు. ఫోన్ సంగతి కూడా చెప్పండి. ఆ భార్య ఆ పది నిమిషాలు ఎలా గడిపిందో తలుచుకుంటే నాకే గుండె బరువెక్కింది. హెల్త్‌కేర్ అసిస్టెంట్ గిన్నె తీసేసి చెప్పకపోవడం కూడా రాయండి. ఆమె మీద నేరం మోపడానికి కాదు. వాంతి కనబడితే ఎవరు ఎవరికి చెప్పాలన్నది ఆ వార్డులో స్పష్టంగా లేదని వాళ్ళకి తెలియాలి.

థియేటర్‌కి మారడం మూడో దారి. మత్తులో ఉన్న పేషెంట్ మాట్లాడడు కదా అని మీ ఆలోచన. కానీ అక్కడ డాక్టర్లూ నర్సులూ మాట్లాడతారు, అదీ మాస్కుల వెనక నుంచి. పెదాలు కనబడవు. అందరూ తొందరలో ఉంటారు, చిన్న చిన్న మాటలతోనే పని నడుస్తుంది. మీకున్న ఇబ్బంది అక్కడ పెరగవచ్చు. ఆపరేషన్ పని మీద ఇష్టం ఉంటే ఏడాది తర్వాత హాయిగా మారండి. పారిపోవడానికి మాత్రం అది అనువైన చోటు కాదని నా అభిప్రాయం.

ఇంటికి వచ్చేయడం నాలుగోది. అది ఓటమి అని నేను అనను. వచ్చి సుఖంగా ఉన్నవాళ్ళు ఉన్నారు. కానీ మీ హెల్త్ అండ్ కేర్ వర్కర్ వీసా ఆ ఉద్యోగానికి ముడిపడి ఉంది. మానేస్తే సాధారణంగా 60 రోజుల్లోపు ఇంకో స్పాన్సర్‌ని వెతుక్కోవాలి, లేదా దేశం విడిచి రావాలి. ముందే మానేస్తే మీ మీద పెట్టిన ఖర్చు తిరిగి కట్టాలని కాంట్రాక్టులో ఉండవచ్చు. ఎవరి మాటా వినకుండా మీరే కూర్చుని ఆ కాగితం మొత్తం చదవండి. అన్నిటికంటే ముఖ్యం, నైట్ డ్యూటీ నుంచి వచ్చిన రోజున ఈ నిర్ణయం తీసుకోవద్దు. చెప్పాల్సింది చెప్పేశాక, మూడు నెలలు తోడుతో పనిచేశాక కూడా వచ్చేయాలనే ఉంటే అప్పుడు రండి. అది భయంతో తీసుకున్న నిర్ణయం కాదు.

నేను మీ చోట ఉంటే రెండో దారి పట్టేదాన్ని. అయితే ఆ గదిలోకి వెళ్ళాల్సింది మీరు, కాబట్టి ఎంపిక మీదే.

ఏ దారి పట్టినా భాష పని ఆగకూడదు. ఇలాంటి మాటల పట్టీలు ఏ నుంచి జెడ్ దాకా బట్టీ పట్టకండి, నిలవవు. చిన్న పుస్తకం పెట్టుకుని ఒంటి భాగాల లెక్కన రాసుకోండి. కడుపు పేజీలో బ్రింగ్ అప్, త్రో అప్, ‘గాన్ ఆఫ్ హిజ్ ఫుడ్’, అంటే తిండి సయించడం లేదని. తల పేజీలో పాస్ అవుట్, కమ్ రౌండ్, నాడ్ ఆఫ్, అంటే కునుకు పట్టడం. చర్మం పేజీలో ‘కమ్ అవుట్ ఇన్ ఎ ర్యాష్’, అంటే ఒంటి మీద దద్దుర్లు రావడం. మాట ఒక్కటే రాయొద్దు, విన్న వాక్యం మొత్తం రాయండి. పేషెంట్ పేరు గానీ బెడ్ నంబర్ గానీ రాయకండి. రోజుకి ఒక్కటి చాలు.

‘ఎస్’ అని నోటిదాకా వచ్చినప్పుడు దాని బదులు విన్నదాన్ని మీ మాటల్లో తిరిగి చెప్పండి. ‘సో యూ వామిటెడ్ యువర్ ఈవినింగ్ మీల్, ఈజ్ దట్ రైట్?’ మీరు తప్పుగా విని ఉంటే అక్కడే తేలిపోతుంది. ఫోన్‌లో అయితే ఇది మరీ అవసరం, ముఖం కనబడదు కాబట్టి. మొదటి వారం నాలుక తడబడుతుంది. పాపని రోగిగా పడుకోబెట్టి ఇంట్లో నాలుగుసార్లు ఆడండి. పాప ఇంగ్లీష్ తొందరగా పట్టేసిందనీ, మిమ్మల్ని సరిదిద్దుతోందనీ బాధగా రాశారు. ఆ పని పాపకి ఆటగా ఇచ్చేయండి, ఇద్దరికీ మంచిది.

మీ వారికి ఈ జవాబులో పిన్ గురించి, వీసా గురించి రాసినవి చదివి వినిపించండి. మేనేజర్ గదికి వెళ్ళేది ఏ రోజో ఆయనకి ముందే చెప్పి వెళ్ళండి. ఆ సాయంత్రం ఇంట్లో మీరు ఒంటరిగా ఉండకూడదు.

పక్కింటి ఆవిడ మాట ఇంకా మిగిలింది. ఆ రోజు మీరు జవాబు చెప్పకుండా లోపలికి వచ్చేశారు. ఆవిడ అన్నది, మీ పాపని చాలా చక్కగా పెంచారని. ఈసారి గుమ్మం దగ్గర కనిపిస్తే, ఆ రోజు నాకు అర్థం కాలేదు, ఇప్పుడు అర్థమైంది, థాంక్యూ అని చెప్పండి.